పన్నెండుసార్ల రక్తదాత

కల్యాణ మండపం వేదిక మీద సూది పట్టుకుని నిలబడిన నర్సును చూడగానే వెంకటప్పయ్యకు ముచ్చెమటలు పోశాయి. విజయవాడలో ఇంతమంది నర్సులుండగా ఈ స్టెల్లాయే రావాలా!

పటమటలో బోరు మోటార్ల కొట్టు నడిపే వెంకటప్పయ్య కాలనీ మొత్తానికి పెద్ద రక్తదాత. మూడేళ్లలో పన్నెండుసార్లు. ఇవాళ్టి శిబిరంలో మొదటి సంచి ఆయనదే, ఆ వెంటనే శాలువా అని కాలనీ సంఘం కార్యదర్శి సంజీవరావు కరపత్రాలు కూడా పంచాడు.

నిజం వేరు. వెంకటప్పయ్య ఒంట్లో నెత్తురు అవసరానికి మించి ఊరుతుంది. అది చిక్కబడి ఎక్కడ గడ్డకడితే అక్కడ ముప్పు, మెదడులోనైతే పక్షవాతం. అందుకని మూడు నెలలకోసారి ఆసుపత్రిలో స్టెల్లా ఒక సంచి నెత్తురు తీసి పారేస్తుంది. ఇదీ రక్త క్యాన్సర్ల కోవలోదేనని, కాకపోతే నత్తనడక నడిచేదని డాక్టరు చెప్పాడు. వెంకటప్పయ్యకు నత్తనడక చెవికెక్కలేదు, క్యాన్సరే ఎక్కింది. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పడం? మొదటిసారి మోచేతి దగ్గర దూది చూసి భార్య కనకలక్ష్మి, "రక్తదానం చేశారా ఏమిటండీ?" అని మురిసిపోతే, "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క ఊఁ ఇంత దూరం తెచ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. దానం చేసిన మనిషి నీరసించకూడదని ఆవిడ రోజూ ఒక ఐరన్ మాత్ర చేతిలో పెట్టేది. వద్దంటే ఎందుకంటుందని ఆయన మింగేవాడు. నెత్తురు తగ్గకపోగా పొంగుతోందేమిటా అని అక్కడ డాక్టరు తల పట్టుకునేవాడు.

"రండి సార్, రండి! మన దానకర్ణుడు!" సంజీవరావు మైకులో అరిచాడు. చప్పట్లు మోగాయి.

వెంకటప్పయ్య మంచం మీద వాలి, గొంతు తగ్గించాడు. "స్టెల్లమ్మా, నీకు పుణ్యముంటుంది. ఎప్పట్లాగే తీసేసి చాటుగా పారెయ్ తల్లీ."

"ఇక్కడ పారేసేదేం లేదండీ. ఇవాళ్టివన్నీ పిల్లల వార్డుకే. ల్యుకేమియా, అదే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలు. మందుల దెబ్బకి వాళ్ల నెత్తురు అడుగంటిపోతుంది, ఈ సంచుల మీదే నెట్టుకొస్తున్నారు."

"పోనీ నాది కూడా..."

"మీ జబ్బు నెత్తురా? వాళ్లకున్నది చాల్లేదా? మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

కళ్లు తిరుగుతున్నాయందామా? సంజీవరావు నిమ్మరసం తాగించి మళ్లీ పడుకోబెడతాడు. పారిపోదామా? మెట్ల దగ్గరే కనకలక్ష్మి పట్టుచీర కట్టుకుని, వీడియో తీయడానికి ఫోను ఎత్తి పట్టుకుంది.

వెంకటప్పయ్య లేచి మైకు లాక్కున్నాడు.

"నేను దాతా కాదు, గీతా కాదు. నాకు జబ్బండీ. పన్నెండు సంచులూ ఆసుపత్రి చెత్తడబ్బాలోకే పోయినయ్. ఆ శాలువా ఏదో డబ్బాకే కప్పండి."

మండపమంతా గొల్లున నవ్వింది. సంజీవరావు ఆ శాలువాను ఏం చేయాలో తెలియక తన మెడలోనే వేసుకున్నాడు.

కనకలక్ష్మి మాత్రం నవ్వలేదు. మెట్లెక్కి వచ్చింది. "ఏం జబ్బు?"

చెప్పాడు. ఆ భయపెట్టే మాటతో సహా చెప్పాడు. ఆవిడ మొహం పాలిపోయింది.

"మందులు వాడుతూ, ఇట్టా తీయించుకుంటూ ఉంటే చాలా ఏళ్లు ఢోకా ఉండదండీ," స్టెల్లా అందుకుంది. "ఐరన్ మాత్రలు మాత్రం పెట్టకండి."

"అంటే మూడేళ్లుగా నా చేత్తో నేనే..." కనకలక్ష్మి మొగుడి వైపు చూసిన చూపుకి సంజీవరావు కూడా ఒకడుగు వెనక్కి వేశాడు. "జరగండి!"

తనే మంచమెక్కి చెయ్యి చాపింది. స్టెల్లా వేలి చివర చుక్క తీసి చూసి, నిక్షేపంగా ఇవ్వొచ్చంది. సూది దిగింది. కనకలక్ష్మి రెండో చేత్తో మొగుడి చొక్కా పట్టుకుని పక్కన కూలేసింది.

"ఇంకా ఏమేం దాచారో ఈ సంచి నిండేలోపు చెప్పండి."

పది నిమిషాల్లో నిండుతుందంది స్టెల్లా.

వెంకటప్పయ్య మనసులో లెక్క వేసుకున్నాడు.

"కాస్త మెల్లిగా కారనీ తల్లీ," అన్నాడు.