విడాకులకు మంచి గడియ

పెళ్లికి ముహూర్తం పెట్టడం లోకమంతా ఉన్నదే. విడాకులకు కూడా ముహూర్తం పెట్టిన ఘనత మాత్రం పులివెందుల వెంకటరమణమ్మది. ఆమె కొడుకు వివేక్, కోడలు భార్గవి విడిపోవడానికి ఒప్పుకున్నారు. నగలూ సామాన్లూ ఎవరివి వాళ్లకు చేరాయి. ఇక మిగిలింది కోర్టు ఒక్కటే అనుకుంది భార్గవి. పాపం, పంచాంగం సంగతి మరిచిపోయింది.

భార్గవి నర్సు. మూడో నెలలో కడుపు పోయాక ఆసుపత్రి నుంచి నేరుగా జమ్మలమడుగులో పుట్టింటికి వచ్చేసింది. మళ్లీ అత్తగారి గడప తొక్కలేదు. ఇప్పుడు మస్కట్‌లో ఒక ఆసుపత్రి ఉద్యోగమిస్తానంటోంది. పాస్‌పోర్టులో మొగుడి పేరు తీయించుకోవాలంటే విడాకుల కాగితం కావాలి. అది చేతిలో పడితేనే ప్రయాణం.

పెళ్లి ప్రొద్దుటూరు కల్యాణమండపంలో జరిగింది కాబట్టి కేసూ ప్రొద్దుటూరు కోర్టులోనే. లాయరు ఇనాయతుల్లా మొదటిరోజే ధైర్యం చెప్పాడు.

"ఇద్దరూ ఒప్పుకున్న కేసమ్మా ఇది. కొట్లాట ల్యా, సాక్షులు ల్యారు. అర్జీ ఏస్తాం, ఇద్దరూ వొచ్చి జడ్జి మేడం ముందర ఒగసారి చెప్తారు. ఆర్నెల్లయినాంక ఇంగోసారి వొచ్చి అదే మాట చెప్తే అయిపాయ. పిలిచినప్పుడు ఇద్దరూ ఆడ నిలబడుకోని ఉండాల. అదొగటే."

ఆ ఒక్కటే కుదరలేదు.

సంతకాలకు రమ్మంటే వెంకటరమణమ్మ ఆషాఢం అంది. ఇనాయతుల్లా ఫోన్లోనే నెత్తి కొట్టుకున్నాడు. "ఆషాఢంలో మొగుడూ పెండ్లాం యాడోళ్లు ఆడ ఉండాల గదమ్మా! దీనికంటే మంచి నెల నీకు యాడ దొరుకుతాది?" ఆమెకు నవ్వు రాలేదు. శ్రావణం మంచిదే గానీ లక్ష్మీదేవి ఇంటికొచ్చే నెలలో కోడల్ని పంపించేస్తే ఎలా అంది. భాద్రపదం శూన్యమాసం. ఆ తర్వాత మూఢం.

పోనీ భార్గవి నాయన ఆదినారాయణ అయినా గట్టిగా అడుగుతాడా అంటే, "ఆయమ్మ చెప్పేది గూడా నిజమే గదా పాపా" అంటూ ఆయనా గోడ మీది క్యాలెండర్ తిప్పాడు. పెళ్లినాటి లడ్డూల సైజు దగ్గర్నుంచి పండగ బట్టల దాకా ఏ ఒక్క విషయంలోనూ కలవని రెండు కుటుంబాలూ, విడగొట్టే పనిలో మాత్రం ఏకమయ్యాయి.

ఎట్టకేలకు అర్జీ పడింది. మొదటిసారి పిలిచిన వేళ వర్జ్యం. బంట్రోతు వరండాలోకి వచ్చి పేర్లు మూడుసార్లు అరిచాడు. వివేక్ కోర్టు ఎదురుగా చెరుకురసం బండి పక్కన, కారు అద్దాలెత్తుకుని, అమ్మ పక్కన బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. అబ్బాయి ఎక్కడని జడ్జి మేడం అడిగితే ఇనాయతుల్లా కడుపునొప్పి అని చెప్పాడు. వాయిదా పడింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ జడ్జి పెన్ను తీసి కూర్చున్నా అత్తగారు వరమియ్యలేదు.

తర్వాతి వాయిదాకు వచ్చి ఇద్దరూ చెప్పాల్సింది చెప్పారు. ఆర్నెల్లు గడిచాయి. రెండోసారి రావలసిన రోజు అమావాస్య అయి కూర్చుంది. ఆ పై వాయిదాకు బయల్దేరుతుంటే పిల్లి ఎదురొచ్చిందట. ఆ పిల్లి వెంకటరమణమ్మ పాలు పోసి పెంచుకుంటున్నదే.

ఇంత పట్టింపు ఎందుకో భార్గవికి తర్వాత తెలిసింది. మైదుకూరులో కొడుక్కి రెండో సంబంధం చూసిపెట్టింది వెంకటరమణమ్మ. మొదటి ముడి చెడ్డ గడియలో విప్పితే రెండో ముడి నిలవదని ఆమె భయం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ రాబోయే కోడలి కోసం ఈ కోడలి కాలు కట్టేసింది.

మస్కట్ వాళ్లు మాత్రం ఏ పంచాంగమూ చూడలేదు. మే నెలాఖరులోగా కాగితం చూపించకపోతే ఉద్యోగం ఇంకొకరికిస్తామని రాశారు. ఇనాయతుల్లా కాళ్లావేళ్లా పడి వేసవి సెలవులకు ముందు, కోర్టు పనిచేసే ఆఖరి రోజుకు వాయిదా తెచ్చాడు. శుక్రవారం.

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. కోర్టు మొదలయ్యేదీ పదిన్నరకే.

భార్గవి నాయనతో కలిసి బస్సు దిగి వచ్చేసరికి వెంకటరమణమ్మ కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద సిమెంటు అరుగు మీద కూర్చుని, కొడుకు మణికట్టు పట్టుకుని ఉంది. రెండో చేతిలో ఫోను, అందులో పంచాంగం. ఇనాయతుల్లా నల్లకోటులో చెమటలు కక్కుతూ వాళ్ల ముందు నిలబడి ఉన్నాడు.

"అమ్మా, మేడం పదకొండున్నరకు లేసి కడపకు పోతారు. రేపట్నుంచి సెలవులు. ఇప్పుడు రాకపోతే ఇంగ జూన్లోనే."

"జూన్ అయితే కానీప్పా. పన్నెండు దాటకుండా నా కొడుకు ఆ మెట్టు ఎక్కడు."

ఆదినారాయణ గొంతు సవరించుకున్నాడు. కూతురి తరఫున మాట్లాడతాడని ఇనాయతుల్లా ఆశగా చూశాడు.

"అదే సార్, ఎట్లన్నా మేడంను పన్నెండు దాకా ఉండమని చెప్పరాదా?" అని, కూతురి వైపు తిరిగి "కొంచేపే గదా పాపా" అన్నాడాయన.

కొంచేపే గదా. ఆ మాట భార్గవి ఇంతకుముందు ఒకసారి విని ఉంది. ఆమెకు ఒళ్లు మండింది. నాయన్ను దాటుకుని వెళ్లి వివేక్ ముందు నిలబడింది.

"ఆ పొద్దు గూడా శుక్కురారమే, గ్యాపకముందా నీకు?"

ఆమె ఆగలేదు.

"నాకు నెత్తురు పోతాంటే మీయమ్మ కారు తాళం చెవి కొంగున కట్టుకునింది. రాహుకాలంలో గడప దాటగూడదు, కొంచేపే గదా అనింది. నేను వసారాలో పండుకోని నిన్నే చూస్తాన్నా. నువ్వు కారు పక్కన నిలబడుకోని గడియారం చూస్తాంటివి. పన్నెండు కొట్టినాంక తీస్కపోతివి. డాక్టరమ్మ ఏమనింది? ఇంగ కొంచెం ముందు తెచ్చింటే అనింది."

"అదంతా ఇప్పుడేందిమే, జరిగిపొయ్యింది..." అంది వెంకటరమణమ్మ.

"ఊరికే ఉండు అత్తా. నువ్వేం బాధపడబల్లే. మంచి గడియలోనే పోయింది నా బిడ్డ."

ఇనాయతుల్లా మొహం పక్కకు తిప్పుకున్నాడు. కేసు కాగితాల్లో 'మనస్పర్థల వల్ల' అని రాసింది ఆయనే. ఆదినారాయణకు ఈ సంగతి ఇంతవరకూ తెలియదు. కడుపు పోయిందని తెలుసు గానీ ఎలా పోయిందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆయన చెప్పుల వైపు చూస్తూ నిలబడిపోయాడు.

అప్పుడే వరండాలోంచి బంట్రోతు గొంతు వినిపించింది. మొదట భార్గవి పేరు, తర్వాత వివేక్ పేరు. ఒకసారి. రెండోసారి.

వివేక్ తల్లి చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. "రేయ్, రాహుకాలంరా!" అని ఆమె అరిచింది. చొక్కా పట్టుకోబోతే అందలేదు. అతను వెనక్కి చూడకుండా, మూడో పిలుపు పూర్తయ్యేలోపు మెట్లెక్కాడు. భార్గవి వెనకే వెళ్లింది.

లోపల ఎంతసేపూ పట్టలేదు. ఇష్టపూర్వకంగానే విడిపోతున్నారా అని మేడం అడిగారు. ఇద్దరూ అవునన్నారు. సంతకం పెట్టమన్నచోట పెట్టారు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఫ్యాను మాత్రం కిర్రుమంటూ తిరుగుతూనే ఉంది.

బయటికి వచ్చాక వివేక్ వరండా స్తంభం దగ్గర ఆగాడు. చెట్టు కింద తల్లి ఎవరికో ఫోన్ చేసి దోషానికి శాంతి ఏమిటని గట్టిగా అడుగుతోంది. అతను భార్గవి వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"భార్గవీ, ఇంగ నీకేమన్నా సాయం గావాలంటే..."

ఆమె వేపచెట్టునూ, కోర్టు మెట్లనూ, ఆ రెంటికీ మధ్య ఉన్న కాస్త నేలనూ చూసింది.

"ఆ పొద్దు గూడా ఇంత దూరం నడిచింటే సాలుండె" అంది.

అని, కాగితం ఎప్పుడిస్తారో కనుక్కోవడానికి ఆఫీసు గది వైపు వెళ్లిపోయింది.