నాన్నను తీసేయించే పని

కన్వేయర్ బెల్టులో పడి కుడిచెయ్యి మోచేతి దాకా పోయాక, సిమెంటు ఫ్యాక్టరీవాళ్లు నాన్నను ఊరికే పంపలేదు. శాలువా కప్పి, దండ వేసి, 'యేసయ్య తన ఇష్టంతో ఉద్యోగం మానుకున్నారు' అని కాగితమిచ్చి పంపారు.

అమ్మకు గుండె జబ్బు. ఆమె మందులు నాన్న బీమా మీదే వచ్చేవి. పనిలో దెబ్బతగిలి ఉద్యోగం పోయినవాళ్లకు, వాళ్ల భార్యలకు బీమా కొనసాగుతుందని తెలిసి, నేనూ నాన్నా మిర్యాలగూడ బీమా ఆఫీసుకు వెళ్లాం. గుమస్తా భిక్షపతి కాగితం చదివాడు.

"నీ అంతట నువ్వే మానేసినవ్ గద పెద్దాయనా. చెయ్యి లేదని వాళ్లు తీసేస్తేనే బీమా ఉంటది."

"చెయ్యి లేకుంట బెల్టు కాడ ఏం జెయ్యాలె సారూ?"

"గది నన్నడుగుతవేంది? తీసేసినట్టు రాపిచ్చుకరా పో."

ఫ్యాక్టరీలో ఉద్యోగాలు చూసే మురళీధర్ మర్యాదస్తుడు. మాకు కుర్చీలు వేయించాడు.

"పనిలో లేని మనిషిని ఎలా తీసేస్తామమ్మా? రేపు చేర్చుకుని ఎల్లుండి తీసేద్దాం. డాక్టరు గారి దగ్గర ఫిట్‌నెస్ రాయించుకు రండి చాలు."

ఫ్యాక్టరీ డాక్టరు ఎవరికీ బాగాలేదని రాసి ఎరగడు. నాన్న నాలుక చూశాడు, బీపీ చూశాడు. సంతకం ఎడమచేత్తో పెట్టించుకుని, 'అన్ని పనులకూ తగిన దేహదారుఢ్యం ఉంది' అని రాసిచ్చాడు.

నాన్న చేరాడు. మర్నాడు మురళీధర్ మాటప్రకారం తొలగింపు కాగితం హైదరాబాదు హెడ్డాఫీసుకు పంపాడు. అది తిరిగొచ్చింది. నిన్న అన్ని పనులకూ తగినవాడికి ఇవాళ చెయ్యి ఎట్లా పోయింది? మళ్లీ ప్రమాదం జరిగిందా? బెల్టుకు అడ్డుజాలీ లేదా? విచారణ ముగిసేదాకా ఈ మనిషిని తీసేయొద్దు అని అందులో ఉంది.

మురళీధర్ తల పట్టుకున్నాడు. "మళ్లీ మీ ఇష్టంతో మానేస్తారా యేసయ్య గారూ?"

నాన్న నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"ఇష్టం లేదు సారూ" అన్నాడు నాన్న.

ఆ నెల బీమా దవాఖానలో అమ్మకు మందులిచ్చారు. ఇంటికొచ్చి మాత్ర వేసుకుంటూ అమ్మ అడిగింది.

"ఏందయ్యా, గాడ నీకేం పని చెప్పిన్రు?"

"నాకేం లేదు సారమ్మా. పనంతా వాళ్లకే. నన్నెట్ల తీసెయ్యాల్నో రోజూ మీటింగు పెడుతున్నరు."