చిల్లాలో చలి

కారు ఏసీ కంప్రెసర్‌ను రాత్రే తలకిందులుగా వేలాడదీసి పడుకున్నాడు ఎష్‌కాబిల్. తెల్లారేసరికి పాత నూనె చివరి బొట్టు దాకా కింది పళ్ళెంలోకి దిగింది. వేళ్ళ మధ్య రాసి చూసుకున్నాడు. నల్లబడలేదు.

"ఇంకా బతికే ఉన్నావే!" అన్నాడు దానితో.

పొట్టి మనిషి. వంగిన భుజాలు, నూనె ఇంకిన గోళ్ళు, చల్లటి గ్యాసు కాల్చిన తెల్లమచ్చలు చేతుల నిండా. తెర్మిజ్ బజారు వెనక సందులో ఏళ్ళ తరబడి ఊరందరి కార్లకూ చల్లగాలి తెప్పించాడు. తన పాత జర్మన్ కారుకు మాత్రం కిటికీ గాలే గతి. అది పుట్టిన నాటి గ్యాసు ఇప్పుడు దొరకదు. కొత్త గ్యాసుకు మార్చాలంటే నూనె, రబ్బరు రింగులు, తేమ పీల్చే డబ్బా, అన్నీ మార్చాలి. రేపు మాపంటూ నెట్టుకొచ్చాడు.

ఇవాళ ఇక నెట్టడానికి లేదు. భార్య సనోబర్‌కు సమర్‌కంద్‌లో గుండె ఆపరేషన్. కొండదారి మరమ్మతులో ఉంది, మధ్యాహ్నం పూటే బళ్ళు వదులుతున్నారు. పైగా చిల్లా నడుస్తోంది, ఎండలు నిప్పులు చెరిగే నలభై రోజులు. బండి చల్లగా లేకపోతే ఈవిడ గుండె దారిలోనే ఆగిపోతుందని డాక్టరమ్మ తెగేసి చెప్పింది. అద్దె బండి మాట్లాడదామంటే సనోబర్ ఒప్పుకోలేదు.

"ఊరందరికీ పెట్టావు కదయ్యా చల్లగాలి. నాకూ ఓసారి పెట్టు," అంది.

పక్కింటి టాక్సీ జూరాకుల్ టీ గిన్నెతో వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఇంత తతంగం ఎందుకన్నా? నా బండి ఏసీకి వంటగ్యాసు కొట్టాను. మంచులా తోలుతోంది."

"నీకు మంచు తోలుతుందిలే. నీ పక్కన ఎవడైనా సిగరెట్ వెలిగిస్తే ఇద్దరికీ మంట తోలుతుంది."

గొట్టాలన్నీ కడిగి ఆరబెట్టాడు. నల్ల రింగులు ఊడదీసి, కొత్త గ్యాసుకు తట్టుకునే పచ్చరింగులకు నూనె రాసి ఒక్కొక్కటే కూర్చోబెట్టాడు. అలా కూర్చోబెడుతున్నప్పుడు ఎష్‌కాబిల్ ముఖం చూడాలి, పసిపిల్లకు చెవిపోగులు పెడుతున్నట్టు ఉంటుంది. పాత ఫ్రిజ్ మోటారుతో తనే కట్టుకున్న పంపు తగిలించి, లోపలి గాలంతా లాగేశాడు. పంపు ఆపి మీటరు ముందు కూర్చున్నాడు.

ముల్లు కదిలింది. వెంట్రుకవాసి. ఎక్కడో గాలి దూరుతోంది.

"సమర్‌కంద్ దాకా ఆగుతుందిలే అన్నా. గ్యాసు కొట్టెయ్, టైమైపోతోంది," అన్నాడు జూరాకుల్.

"కొండమీద ఆగకపోతే? నువ్వొచ్చి విసనకర్ర పట్టుకుంటావా?"

బిగించినవన్నీ మళ్ళీ విప్పాడు. చెమట కళ్ళలోకి దిగుతున్నా చెయ్యి తొందరపడలేదు. అదీ అతని గొప్ప. చివరి జాయింటులో ఒక రింగు నలిగి ఉంది. మార్చి, మళ్ళీ గాలి లాగి, మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి ముల్లు కదలలేదు. పాతదాని కంటే కాస్త తక్కువగా కొత్త గ్యాసు ఎక్కించాడు. ఇంజను తిప్పి చూస్తే, చల్లబడ్డ గొట్టం మీద నీటిచెమట పట్టింది.

సనోబర్ వెనక సీట్లో ఒరిగింది. జూరాకుల్ భార్య తందూరు నుంచి వేడి రొట్టె తెచ్చి నోటికందించింది. ప్రయాణమయ్యేవాళ్ళు ఒక్క ముక్క కొరికి వెళ్ళాలి, మిగతాది తిరిగొచ్చి తినాలి. సనోబర్ కొరికింది. మిగిలిన రొట్టెను ఎష్‌కాబిల్ షెడ్డు గోడ మేకుకు తగిలించాడు.

కొండమీద ఎండకు రాళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. వెనక నుంచి గొంతు వినిపించింది.

"కాస్త తగ్గించవయ్యా. చలేస్తోంది."

"చిల్లాలో చలేంటే?"

"నిజంగానే. శాలువా ఏదీ?"

ఎష్‌కాబిల్ పైకే నవ్వేశాడు. ఇన్నేళ్ళ పనిలో అంత మెప్పు అతనికెవరూ ఇవ్వలేదు. శాలువా వెనక్కి అందించి, గాలి ఒక మెట్టు తగ్గించాడు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. తర్వాత కొద్ది రోజులకే, ఒక తెల్లవారుజామున, సనోబర్ నిద్రలోనే పోయింది. ఎష్‌కాబిల్ ఆమెను అదే కారులో, చల్లగాలి పూర్తిగా పెట్టి, ఇంటికి తెచ్చుకున్నాడు. దారంతా తనకు చలేసినా తగ్గించలేదు.

నాలుగో రోజు మళ్ళీ షెడ్డు తెరిచాడు. జూరాకుల్ మేకుకున్న రొట్టె వైపు చెయ్యి చాపాడు.

"పిట్టలకు వేసేద్దామా అన్నా?"

"ఉండనీరా."

కొత్తగా వచ్చేవాళ్ళు గోడ చూసి, ఎవరు ఊరెళ్ళారని అడుగుతుంటారు. మా ఆవిడ అని చెప్పి, బానెట్ ఎత్తమంటాడు. ఫ్యాను బెల్టుల పక్కన ఆ రొట్టె ఎండి చెక్కలా అయిపోయింది, అంచున చిన్న పలువరుస కొరికిన చోటు మాత్రం అలాగే ఉంది.