మోగని కెమెరా

అల్లూరులో పెళ్లి ముహూర్తం పెట్టేది పంతులుగారే అయినా, తాళి కట్టించేది మాత్రం ఫోటోల దరియావలి. ఈ సంగతి పైకి ఎవరూ అనరు కానీ అందరికీ తెలుసు. పెళ్లికొడుకు తాళిని పెళ్లికూతురి మెడ దాకా తీసుకెళ్లి అక్కడ ఆపుతాడు. దరియావలి ఒక కన్ను మూసి, ఎడమ మోచెయ్యి డొక్కకు ఆనించి, కెమెరాను టప్‌మని మోగిస్తాడు. ఫ్లాష్ వెలుగుతుంది. అప్పుడు మొదటి ముడి పడుతుంది. మొదట్లో "ఆగు బాబూ", "ఇంక కానియ్" అని నోటితో చెప్పేవాడు. రానురాను ఆ మాటల అవసరమే లేకుండా పోయింది. కెమెరా మోగేదాకా జీలకర్రా బెల్లం పెట్టిన చెయ్యి నెత్తి మీంచి తీయకూడదనీ, దండ ఎత్తిన చేతులు దించకూడదనీ ఊరికి ఊరే నేర్చుకుంది.

ఇంత పెత్తనం ఉన్నా దరియావలి చాలా అణకువగల మనిషి. ఆ పెత్తనం తనకుందని ఎన్నడూ ఒప్పుకోలేదు, ఇంకొకరికి దాన్ని ఇవ్వనూ లేదు.

ఇంకొకరంటే ఎవరో కాదు, ఆయన కూతురు షాహిస్తా. కావలిలో డిగ్రీ చదువుకుని వచ్చి స్టూడియోలోనే పని నేర్చుకుంది. ఆల్బంలన్నీ ఆ అమ్మాయే కూర్చుతుంది. పెళ్లిళ్లకు కూడా వెళుతుంది, కానీ భోజనాల దగ్గరికి. మండపం ఎక్కి తాళి కట్టే ఫోటో ఒక్కటి తన చేత్తో తియ్యాలని ఆమె కోరిక. అడిగినప్పుడల్లా తండ్రి ఒకటే మాట చెప్పేవాడు.

"మండపం ఎక్కాలంటే అనుభవం కావాలమ్మా."

"ఎక్కనియ్యకుండా అనుభవం యాడి నుంచి వస్తది నాయనా?"

"అందుకే ముందు అనుభవం తెచ్చుకోమంటుండా."

ఈ గొప్ప తర్కం ప్రకారం షాహిస్తా అల్లూరు మండలంలో వడ్డించిన ప్రతి గుత్తొంకాయ కూరనూ ఫోటో తీసింది. విస్తరి ముందు నోరు తెరిచిన బంధువులను తీసింది. ఆ ఫోటోలను ఎవరూ ఆల్బంలో వేయించుకోరు కాబట్టి అనుభవం కూడా లెక్కలోకి రాలేదు.

తండ్రీకూతుళ్లకు ఇంకో తగాదా ఉంది. దరియావలిది పాత డీఎస్ఎల్ఆర్. లోపల చిన్న అద్దం ఉంటుంది, నొక్కినప్పుడల్లా అది ఎగిరి పడుతుంది, టప్ అనేది దాని చప్పుడే. ఆయన దాన్ని ఉప్పుగాలి తగలకుండా స్టీలు డబ్బాలో బియ్యం పోసి దాచేవాడు. ఆ డబ్బా తెమ్మంటే ఏ డబ్బా తేవాలో తెలియక భార్య ముంతాజ్ బేగం రోజూ విసుక్కునేది. మిర్రర్‌లెస్ కొందాం, దాంట్లో అద్దం ఉండదు, తీయబోయే ఫోటో ముందే కనపడుతుంది, చీకట్లో కూడా బాగా తీస్తుంది అని కూతురు ఏడాదిగా చెబుతోంది. అద్దమే లేని కెమెరా కెమెరా ఎట్టవుద్ది అని తండ్రి ఏడాదిగా కొట్టిపారేస్తున్నాడు.

ఆయన మనసు మార్చింది కూతురు కాదు, రొయ్యలు. రొయ్యల గుంటల నరేంద్రబాబు పెద్ద కూతురు వినీలకు పెళ్లి కుదిరింది. నరేంద్రబాబు పెళ్లి ఫోటోలు తీసింది దరియావలే, అందుకని ఈ పెళ్లికీ ఆయన్నే గుంట గట్టు మీదకు పిలిపించాడు. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటే వాటికి మించి అరుస్తూ మాట్లాడాడు.

"దరియావలీ, పోయిన నెల నెల్లూరులో మా తోడల్లుడి ఇంట్లో పెళ్లికి పొయ్యుంటిమి. ఆడ ఒక కెమెరా చూసినా. దాంట్లో అద్దం ఉండదంట."

"తెలుసన్నా. మిర్రర్‌లెస్ అంటారు."

"ఉన్న అద్దం తీసేసి రేటు పెంచినారంటే అది మామూలు సరుకు గాదు. మాకు అదే కావాల."

"నా పాతదాంతోనే గదన్నా మీ గృహప్రవేశం తీసింది. బాగుండాదన్నారు."

"బాగుండాది, ఎవరు కాదన్నారు. కానీ అది టప్ టప్‌మని మోగతా ఉంటది. నెల్లూరులో చప్పుడే లేదు. ఫ్లాషూ లేదు. ఆ ఫోటోగ్రాఫరు నోరు మెదపలా. క్యాండిడ్ అంట, పోజు పెట్టమనకుండా జరిగేది జరిగినట్టే తీస్తారంట. మనకూ అట్టనే జరగాల. కెమెరా మోగకూడదు, నువ్వూ మోగకూడదు. కుదరదంటే చెప్పు, నెల్లూరోళ్లు రెడీగా ఉండారు."

నరేంద్రబాబు ఇంటికి నెల్లూరు వాళ్లు వచ్చారంటే మరుసటి నెల నుంచి గుంటలున్న ప్రతి ఇంటికీ వాళ్లే వస్తారు. అది దరియావలికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, మిర్రర్‌లెస్ కొనాలని తాను బాగా ఆలోచించి నిర్ణయించినట్టు ప్రకటించాడు. ముంతాజ్ బేగం కూతురి వైపు ఒకసారి చూసి, మళ్లీ పిండి కలపడంలో పడింది.

చెన్నై వెళ్లి కొత్తది కొనుక్కొచ్చారు. షాహిస్తా దాన్ని రెండు చేతులతో అందుకుంది. తండ్రి దాన్ని ఆమె చేతుల్లోంచి మెల్లగా తీసుకుని, బియ్యం డబ్బాలోని పాతదాన్ని బయటికి తీసి ఇచ్చాడు.

"ఇది నువ్వు ఉంచుకో. భోజనాలకు సరిపోద్ది."

పెళ్లికి ముందురోజు ఆ అమ్మాయి ఒక్క మాటే చెప్పింది. "నాయనా, చప్పుడు లేకుండా పెట్టుకుంటే మండపంలో ఎల్ఈడీ లైట్లకు ఫోటోల మీద గీతలు పడతాయి. కొంచెం మోగినా పరవాలా, మామూలుగానే పెట్టుకో."

"మోగకూడదన్నాడు గదమ్మా ఆయన."

"గీతలు పడకూడదని గూడా అంటాడు, చూసినాక."

దరియావలి ఆ మాటను కూతురి తెలివిగా కాక కూతురి అక్కసుగా తీసుకున్నాడు. మెనూలో వెతికి వెతికి కెమెరా నోరు మూసేశాడు.

ఉదయం ముహూర్తం. కల్యాణమండపం పైకప్పు నిండా లైట్లు, పువ్వుల కంటే లైట్లే ఎక్కువ. పెళ్లికొడుకు హరినాథ్‌ది కావలిలో బ్యాంకు ఉద్యోగం, ఏది చెబితే అది తు.చ. తప్పకుండా చేసే రకం. అతను పీటల మీద కూర్చోకముందే నరేంద్రబాబు తల్లి వెంకటశేషమ్మ పక్కకు పిలిచింది.

"అబ్బయా, కెమెరా మోగిందాకా ముడి వెయ్యబాక. మా మరిది కొడుకు తొందరపడి కట్టేసినాడు. ఆల్బంలో తాళి ఫోటో లేదు. ఇద్దరు బిడ్డలు పుట్టినా ఆ పెళ్లి అయినట్టే అనిపించదు మాకు."

హరినాథ్ బుద్ధిగా తలూపాడు.

ముహూర్తం దగ్గరపడింది. పంతులుగారు మంత్రం అందుకున్నారు, గట్టిమేళం మోగింది. హరినాథ్ తాళి ఎత్తి వినీల మెడ దగ్గరికి తెచ్చి ఆగాడు. దరియావలి ఒక కన్ను మూసి, మోచెయ్యి డొక్కకు ఆనించి, నొక్కాడు. చప్పుడు లేదు, వెలుగు లేదు. మళ్లీ నొక్కాడు. కెమెరా వెనక చిన్న తెర మీద బొమ్మ ముచ్చటగా ఉంది. ఇక పెళ్లికొడుకు ముడి వేస్తే ఆ ఫోటో తీద్దామని కాచుకుని ఉన్నాడు. పెళ్లికొడుకేమో కెమెరా మోగితే ముడి వేద్దామని కాచుకుని ఉన్నాడు.

ముందుగా అక్షింతలు అయిపోయాయి. చల్లినవాళ్లు వంగి కింద పడ్డవే ఏరుకుని రెండో విడత చల్లారు. పంతులుగారు చదివిన మంత్రమే మళ్లీ చదివి గోడ గడియారం వైపు చూశారు. ముందు వరసలో వెంకటశేషమ్మ ఎత్తుపళ్లు కనపడకుండా పెదవులు బిగించి, ఫోటో మొహం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. దరియావలికి పెళ్లికొడుకు మీద చిరాకు పుట్టింది. ఇంత సేపు పోజు ఇవ్వడం కూడా క్యాండిడ్‌లో ఒక రకం కాబోలనుకున్నాడు. కానియ్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నువ్వూ మోగకూడదన్న మాట ఆయన మనసులో ముల్లులా దిగి ఉంది. చెప్పకూడదన్నారుగా, ఏమవుతుందో చూడనీ అని పంతం పట్టాడు. వినీల తల వంచీ వంచీ మెడ నొప్పెట్టి, ఏమైందన్నట్టు పెళ్లికొడుకు వైపు ఓరగా చూసింది.

చివరికి సన్నాయి ఊదే ఆయనకు ఊపిరి చాలలేదు. మేళం ఆగింది. హాలంతా నిశ్శబ్దం, వెనక భోజనాల గదిలో గరిటెల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆ గదిలోంచే షాహిస్తా బయటికొచ్చింది. మేళం ఆగిందంటే తాళి అయిపోయిందనుకుంది. చూస్తే తాళి ఇంకా పెళ్లికొడుకు చేతుల్లోనే ఉంది, అతని కళ్లు తన తండ్రి కెమెరా మీద ఉన్నాయి. ఆమెకు ఒక్క చూపులో అంతా అర్థమైంది. పప్పు మరకపడ్డ చున్నీని నడుముకు దోపుకుని, ఎవరినీ అడక్కుండా మండపం ఎక్కి, పాత కెమెరా కంటికి ఆనించి నొక్కింది.

టప్‌మని మోగింది. ఫ్లాష్ వెలిగింది.

హరినాథ్ ఎవరో తాడు కోసి వదిలేసినట్టు మూడు ముళ్లూ ఒక్క ఊపున వేసేశాడు. సన్నాయి ఊదే ఆయన ఉన్న కాస్త ఊపిరితో అందుకున్నాడు. హరినాథ్ కంగారు చూసి వినీలకు నవ్వాగలేదు, ఆమెను చూసి అతనికీ ఆగలేదు. షాహిస్తా ముడి ముడికీ మోగించింది. ముహూర్తం సమయంలోనే అయిందని పంతులుగారు అందరికీ చెప్పారు. ఆ మాట నిజమో కాదో ఎవరూ మళ్లీ గడియారం చూడలేదు.

ఇంటికెళ్లి కంప్యూటర్‌లో చూసుకుంటే కొత్త కెమెరా ఫోటోలన్నిటి మీదా నల్లటి చారలు. పెళ్లికొడుకు తాళి పట్టుకుని నిలబడ్డ ఫోటోలు కొల్లలుగా ఉన్నాయి, అన్నిట్లోనూ చారలే. షాహిస్తా ముందే చెప్పాను కదా అనలేదు. అనుంటే బాగుండేది, ఆయన ఎదురు అరిచి కాస్త తేలికపడేవాడు. పాత కెమెరాతో తీసిన ఫోటో తెర మీదకొచ్చింది. రెండో ముడి దగ్గర, తల వంచుకుని నవ్వుతున్న వినీల, వేళ్ల మధ్య తాడుతో నవ్వుతున్న హరినాథ్, వెనక ఎత్తుపళ్లు దాచుకోవడం మరిచిపోయిన వెంకటశేషమ్మ. ఇన్నేళ్లలో తాను ఒక్కసారి కూడా ఇలాంటి ఫోటో తియ్యలేదని దరియావలికి తెలిసిపోయింది. చాలా బాధేసింది. అంతకు మించి గర్వంగానూ అనిపించింది, దాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు.

వారం తిరక్కముందే నరేంద్రబాబు ఆల్బంకు ఫోటోలు ఎంచడానికి స్టూడియోకు వచ్చాడు. ఆ ఫోటో దగ్గర ఆగి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"చూసినావా దరియావలీ. నేను చెప్తే విన్నావా. అద్దం ఉన్న కెమెరాకి ఇట్టా వచ్చుండునా? కొత్తదంటే ఇదీ. అట్ట మీద ఇదే ఉండాల."

దరియావలి గొంతులో ఏడాది తగాదా మొత్తం కదిలింది. గెలిచింది తన పాత కెమెరా. ఆ ముక్క చెప్పాలంటే అది ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పాలి. చెప్పకపోతే అద్దం లేని కెమెరాకూ, దాన్ని పట్టుకున్న తనకూ చెరిసగం పేరు వస్తుంది, ఊరు చేజారదు. షాహిస్తా కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ మీద చెయ్యి పెట్టి ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు. చెప్పమనీ అడగలేదు. ఆ వీపును చూస్తూ ఆయన ఎక్కువ సేపు ఉండలేకపోయాడు.

"అన్నా, అది పాత కెమెరాతో తీసింది."

"ఏందీ?"

"తీసింది నేను గాదు. మా షాహిస్తా."

నరేంద్రబాబు ఫోటోను చూశాడు, అమ్మాయిని చూశాడు. "భోజనాల కాడ తిరిగే పిల్లేనా?"

"ఆ పిల్లే."

నరేంద్రబాబు ఓడిపోవడం అలవాటు లేని మనిషి. "నేను అప్పుడే అనుకున్నా, ఆ పిల్లలో పనితనం ఉండాదని. సరే, మా చిన్నమ్మాయి బిందు పెళ్లి ఈ ఎండాకాలంలోనే. కొత్త కెమెరా ఆ పిల్ల చేతికియ్యి."

"మరి నేనన్నా?" అని అడిగేశాడు దరియావలి. అడగకూడదనే అనుకున్నాడు.

"నువ్వు లేకపోతే ఎట్టా. ముందర నిలబడి పాతదాన్ని మోగించు. మా వాళ్లకు అది మోగందే ముడి పడదు."

ఎండాకాలం వచ్చింది, బిందు పెళ్లి వచ్చింది. బయల్దేరేముందు షాహిస్తా పాత కెమెరాలో మెమరీ కార్డు వేయబోతే దరియావలి వద్దన్నాడు.

"మోగడానికి కార్డెందుకు?"

ఆమె కార్డును ఆయన చొక్కా జేబులో వేసింది.

మండపం మీద ఎప్పటి చోటే ఆయనది, పెళ్లికొడుకు ఎదురుగా. గట్టిమేళం మోగింది. పెళ్లికొడుకు తాళిని బిందు మెడ దాకా తెచ్చి ఆపి, దరియావలి వైపు చూశాడు. పంతులుగారూ ఆయన వైపే చూశారు. వెంకటశేషమ్మ పెదవులు బిగించింది. ఆయన కంటికి అంతా సరిగ్గానే ఉంది. వేలు అలవాటు కొద్దీ దిగబోయింది.

వేలును పట్టి ఆపుకున్నాడు. కెమెరా దించి పక్కకు చూశాడు. షాహిస్తా పీటల పక్కన మోకాలి మీద కూర్చుని, ఒక కన్ను మూసి, ఎడమ మోచెయ్యి డొక్కకు ఆనించి ఉంది. పెళ్లికూతురి దండ తాళికి అడ్డంగా పడితే ఎవరో సర్దుతున్నారు. సన్నాయి ఊదే ఆయన బుగ్గలు ఎర్రబడుతున్నాయి. హాలంతా దరియావలి కోసం ఆగి ఉంది, దరియావలి కూతురి కోసం ఆగి ఉన్నాడు.

దండ పక్కకు జరిగింది. షాహిస్తా కెమెరాలోంచి కన్ను తీయకుండానే తలూపింది. అప్పుడు నొక్కాడు.