అవతలి వైపు తలుపు

రెండువేల ఎనిమిది నవంబరు పద్దెనిమిదో తేదీ, మంగళవారం ఉదయం. గ్రీసు దేశంలో, మెస్సినియా కొండవాలులోని ఆ ఇంటి ముంగిట్లో ఉన్నవాళ్ళు ముగ్గురు: స్తమతా, ఆమె భర్త లింబెరిస్, తుంటికి ఆపరేషన్ జరిగి నెల తిరగక ఇంకా చంకకర్రల మీద ఉన్నవాడు, అతని తల్లి గరిఫలియా, గుమ్మం పక్క కుర్చీలో, ఒళ్ళో అడవి ఆకుకూర బుట్టతో. ఒకప్పుడు ఎర్రగా ఉండిన పికప్ బండిని నాలుగో మనిషిగా లెక్కవేసినా తప్పులేదు. ఆ ఇంట్లో దాని మాట చెల్లినంతగా స్తమతా మాట ఎన్నడూ చెల్లలేదు.

బండి వెనక ఆ ఏటి తొలికోత ఆలివ్ కాయ గోతాల్లో ఉంది. గోతంలో కాయ వేడెక్కితే నూనె చెడుతుంది కాబట్టి అది ఆ పూటే మిల్లు చేరాలి. క్రితం రోజు భోజనాల దగ్గర లింబెరిస్ తన షరతు తేల్చి చెప్పాడు. "నా కాయ గానుగలో పడుతుంటే నేను పక్కన లేకపోవడమన్నది జరగదు. ఆ తలుపు తెరుచుకుందా, బండి నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా. తెరుచుకోలేదా, మధ్యాహ్నానికి నికీతాస్ తన బండి తెస్తాడు. ఈ ఏడు తోట సగం పాలుకి వాడికే." నికీతాస్ అతని పినతండ్రి కొడుకు, నోరు మంచిదే. కాని తోట పాలుకిస్తే, తాను కొమ్మలు కత్తిరించి పెంచిన చెట్ల కింద తానే అతని ఈలకు వలలు పరిచే కూలీ కావలసి వస్తుందని స్తమతాకు తెలుసు.

ఆ తలుపు అవతలి వైపుది, అంటే స్తమతా కూర్చునే వైపుది. పన్నెండేళ్ళ కిందట చర్చి సందులో బండి వెనక్కి తీస్తూ లింబెరిస్ రాతిగోడకు రాసినప్పుడు బిగుసుకుంది. అప్పటినుంచి ఆమె ఎక్కినా దిగినా డ్రైవరు తలుపులోంచే. ముందు తాను ఎక్కి, మోకాళ్ళు ముడుచుకుని, గేరు కర్రకు గౌను తగులుకోకుండా ఒక చేత్తో ఒడిసిపట్టుకుని ఆ కొసకు జరగాలి. తర్వాత అతను తీరుబడిగా ఎక్కుతాడు. దిగేటప్పుడు ముందు అతను. కాఫీ కొట్టు ముందు నలుగురు కనబడి అతను మాటల్లో పడితే ఆమె అలాగే కూర్చునేది. దిగవద్దని ఎవరూ కట్టెయ్యలేదు, కాని అరుగు మీది మగవాళ్ళ కళ్ళముందు గౌను ఎగదీసుకుని గేరు కర్ర దాటడం కన్నా కూర్చోవడమే నయమనిపించేది. "కాస్త జరిగితే పోయేదానికి తలుపు ఊడదీయడం దేనికి?" అనేవాడు లింబెరిస్. తొలి ఏళ్ళలో, "తీగలాంటి దానివి, నీకు దారెంత కావాలి?" అనేవాడు, తర్వాత్తర్వాత, "ఈమధ్య ఒళ్ళు చేశావు, గేరు కర్ర జాగ్రత్త" అనేవాడు. "తెరుచుకోని తలుపే మంచిది కోడలా, దారిలో జారిపడవు" అనేది అత్తగారు. అలాగని లింబెరిస్ పట్టనివాడని అనడానికి వీల్లేదు. ఆమె నోరు విప్పి అడిగినప్పుడల్లా లేచి లోపలికి వెళ్ళి, జాడీలోంచి కాఫీ కప్పు నిండా నూనె ముంచి తెచ్చి, అద్దం దిగే సందులోంచి చుక్క ఒలక్కుండా పోసేవాడు. "రేపటికి వదులవుతుంది చూడు." చెవిపోటుకైనా, మడతబందుకైనా, దిష్టి తగిలిన పసిపిల్లకైనా ఆ ఊళ్ళో మందు ఆ నూనే. తలుపు మాత్రం ఏ రేపటికీ వదులు కాలేదు.

స్క్రూడ్రైవరు పట్టుకుని సీటు మీద మోకరిల్లినప్పుడు గాని స్తమతాకు ఒక సంగతి తట్టలేదు. ఈ తలుపు పాడైందని ఇంట్లో మొదటిసారి అనుకున్నది నిన్న. వంగకూడని, గేరు కర్ర దాటకూడని మనిషి ఇప్పుడు ఆ వైపు కూర్చోవలసి వచ్చింది. పన్నెండేళ్ళు ఆమె అలవాటుగా చెలామణీ అయినది ఒక్క రాత్రిలో బండి లోపమైపోయింది. కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. గడ్డం గీసుకోకుండా, అద్దం అవతలినుంచి బడిపంతులులా తొంగిచూస్తున్న ఆ మొహాన్ని చూస్తే రావడం కష్టం.

"పై మర కాదు, కింది మర," అన్నాడు. "మెల్లగా. విరిగిపోతుంది."

"విరిగితే ఏమవుతుంది? ఇంకా గట్టిగా బిగుసుకుంటుందా?"

"మంగళవారం పూట ఇనుము ముట్టుకుంటారటే?" అంది గరిఫలియా ఆకు ఏరుతూ.

"బిగుసుకున్నదీ మంగళవారమే అమ్మా. చెల్లుకు చెల్లు," అన్నాడు లింబెరిస్.

అద్దం దించే పిడి వెనకనుంచి గుడ్డపేలిక పోనిచ్చి లాగితే క్లిప్పు ఎగిరి ఎక్కడో పడింది. మరలు ఊడదీసి, లోపలి అట్టను రెండు చేతులా పట్టుకుని విదిలించేసరికి అది పాత దుమ్ముతో సహా ఒళ్ళోకి వచ్చింది. తుప్పు ఉంటుందనుకుంది స్తమతా. తుప్పు లేదు. గొళ్ళెం, స్ప్రింగు, పిడినుంచి వచ్చే కడ్డీ, అన్నీ తేనె రంగు బంకలో మునిగి గట్టిపడి ఉన్నాయి. వేలితో గీరి, వాసన చూసింది.

"లింబెరిస్, వంగి చూడు ఒకసారి. వద్దులే, నువ్వు వంగకూడదు. విను. ఇక్కడ తుప్పు లేదు, నూనె ఉంది."

"ఎవరి నూనె?"

"మనదే. ఎండి, దుమ్ము పట్టి, లక్కలా అయింది. గోడకు రాసుకున్నప్పుడు కాస్త మెలికపడిందేమో. మిగతాదంతా నువ్వు పోసిందే."

అతను చంకకర్ర ఒకటి మార్చుకున్నాడు.

"మొదటి గానుగది," అన్నాడు చివరికి. "నీ తలుపుకని రెండో రకం ఎప్పుడూ పొయ్యలేదు."

స్తమతా సీటు మీద చతికిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ మాట నిజమని ఆమెకు తెలుసు. తన ఇంటివాడు తనను ప్రేమించలేదని ఏ సాక్షీ చెప్పలేడు. ఇదిగో, పొరలు పొరలుగా పేరుకుని ఉంది. కాని అన్నేళ్ళూ పైనుంచి పోసిన మనిషి, ఆ పోసింది లోపల ఏం చేస్తున్నదో చూడడానికి ఒక్కసారి ఈ అట్ట విప్పలేదు. తాను మాత్రం విప్పిందా? కప్పు చూసి, సంతోషించి, మళ్ళీ ఆ కొసకు జరిగింది.

పొయ్యి కోసం తెచ్చిన కిరసనాయిలు, బూట్ల బ్రష్షు, పొడుగుపాటి మేకు. బంక మెత్తబడి నల్లగా కారడం మొదలైంది. అరపూట పని, అంతకు మించి లేదు. కడ్డీని స్క్రూడ్రైవరుతో ఎత్తితే మొదట ఊరికే మూలిగింది, తర్వాత లోపల టక్కుమంది. స్తమతా డ్రైవరు తలుపుకు వీపు ఆనించి పడుకుని, రెండు పాదాలూ అవతలి తలుపుకు తన్నిపెట్టింది.

"నువ్వు బయటినుంచి పిడి ఎత్తిపట్టు. లాగకు. లాగితే పడతావు."

"లాగను."

లాగాడు. తలుపు గాడిద ఓండ్రపెట్టినట్టు అరిచి ఒక్కసారిగా తెరుచుకుంది. అతను తూలి, తల్లి ముందుకు తోసిన కుర్చీ వీపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఆకుకూర అంతా నేలపాలైంది.

"చెప్తే వినడు," అంది గరిఫలియా. "వాళ్ళ నాన్నా అంతే."

నికీతాస్ హారను కొట్టుకుంటూ వచ్చేసరికి స్తమతా ఆ తలుపును తెరిచి మూసి, మూసి తెరిచి చూస్తోంది. అతను దిగి, చేతులు నడుము మీద పెట్టుకుని, బండి చుట్టూ తిరిగాడు.

"బానే ఉంది వదినా. కాని మిల్లు దగ్గర ఎత్తు దారిలో లోడు వెనక్కి లాగుతుంది. ఆడదానికి కష్టం. తాళాలు ఇటియ్యి, అన్నయ్యని నా బండిలో ఎక్కించు."

స్తమతా ఏమీ అనకముందే గరిఫలియా గొంతు సవరించుకుంది. "మీ పెదనాన్న బండికి రెండు తలుపులూ బాగానే ఉండేవిరా. అయినా నన్ను వెనక గోతాల మీదే కూర్చోబెట్టేవాడు. వానొస్తే గోతాల మీద పట్టా కప్పేవాడు, నా మీద కాదు. నువ్వు కాఫీ తాగి వెళ్ళు."

నికీతాస్ లింబెరిస్ వంక చూశాడు. లింబెరిస్ తెరిచిన తలుపు వంక చూస్తున్నాడు. "మాట ఇచ్చాను కదరా," అని, చంకకర్రలు తల్లికి అందించి, నడుము నిటారుగా ఉంచుకుని, డాక్టరు చెప్పినట్టే వెనక్కి ఆనుతూ ఎక్కి కూర్చున్నాడు. స్తమతా చంకకర్రలు అతని కాళ్ళ పక్క సర్ది, తలుపు వేసి, చుట్టూ తిరిగి వచ్చి ఎక్కింది.

"క్లచ్చి మెల్లగా వదులు," అన్నాడు ఊరు దాటకముందే.

"మా నాన్న బండి మీద నేర్చుకున్నాను. అప్పటికి నువ్వింకా గాడిదను తోలుతున్నావు."

ఎత్తు దారిలో లోడు నిజంగానే వెనక్కి లాగింది. స్తమతా గేరు తగ్గించింది. అతను డాష్‌బోర్డు గట్టిగా పట్టుకున్నాడు గాని నోరు మెదపలేదు. అందుకు ఆమె మనసులోనే అతనికి ఒక మార్కు వేసింది.

మిల్లులో పొయ్యి చుట్టూ ఎప్పటిలాగే మగవాళ్ళు కూర్చుని, కాల్చిన రొట్టె కొత్త నూనెలో ముంచి తింటున్నారు. ప్రతి ఏడూ లింబెరిస్ అందులోంచి ఒక ముక్క రుమాల్లో చుట్టి బండి దగ్గరికి తెచ్చి ఇచ్చేవాడు. మాటల్లోంచి తెమిలి తెచ్చేసరికి అది చల్లారి ఉండేది. స్తమతా ఇంజను ఆపి, భర్త వైపు తిరిగింది. ఆ బండిలో ఆ వైపు కూర్చున్నవాళ్ళను ఇంతవరకు ఎవరూ అడగని మాట అడిగింది.

"దిగుతావా, కూర్చుంటావా?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. అర్థమైన మనిషి చెవులు ఎర్రబడినట్టు అతని చెవులు ఎర్రబడ్డాయి.

"కూర్చుంటాను," అన్నాడు. "నువ్వెళ్ళి వేడివేడిగా తిను. నాకోసం తొందరపడకు."

ఆమె తొందరపడలేదు. పొయ్యి పక్కనే నిలబడి, వేళ్ళు కాలుతుండగా, నూనె మణికట్టు దాకా కారుతుండగా తింది. గోతాలు తూకానికి వెళ్ళాక మిల్లు యజమాని సరాందోస్ చీటీ రాసుకుని, అలవాటు చొప్పున బండి కిటికీ దగ్గరికి నడిచి, కలం లోపలికి అందించాడు. చీటీ మీద సంతకం ఎవరిదో ఆ ఏటి నూనె వాళ్ళ పేరుతో నిల్వకు వెళుతుంది. లింబెరిస్ చెయ్యి కలం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది.

"కాయ తెచ్చింది నేను కాదు సరాందోస్. తెచ్చినామె అక్కడ రొట్టె తింటోంది. పేరు ఆమెనే అడుగు."

సరాందోస్ తలగోక్కుంటూ తిరిగి వచ్చాడు. స్తమతా చేతులు గౌనుకు తుడుచుకుని, పేరు పూర్తిగా చెప్పి, అతను రాసింది ఒకసారి చదివి, తూకపు బల్ల మీద పెట్టి సంతకం చేసింది. సిరా ఆరేదాకా ఊది, చీటీని నాలుగు మడతలు పెట్టి, తన స్వెట్టరు లోపలి జేబులో దాచుకుని గుండీ పెట్టుకుంది.