ఏడో నంబరు గ్లాసు

వైను రుచి చూడమని పిలిచి, మింగొద్దంటారు! నోట్లో పోసుకోవాలట, పుక్కిలించాలట, పక్కనున్న స్టీలు గిన్నెలో ఉమ్మెయ్యాలట. ఇదేం మర్యాదో ఆ పెద్దమనుషులకే తెలియాలి. విజయనగరం హోటలు హాల్లో ఆ పొద్దున దుర్గాభవాని అలా ఆరు గ్లాసులు ఉమ్మింది. ఆరూ ఆమెకు నచ్చలేదు. ఒకటి వట్టి పంచదార నీళ్ళు. ఒకటి పులుపు తప్ప ఏమీ లేదు. మరొకదానికి తడిసిన గోనెసంచి కంపు. వీటికి సీసాలూ, రంగు కాగితాలూ కూడానా అనుకుంది.

ఏడొందల లోపు ధర పలికే తెల్ల వైన్లు పన్నెండు వచ్చాయి పోటీకి. ఎవరిది ఏదో తెలియకుండా గ్లాసులకు నంబర్లు వేశారు. తయారు చేసినవాళ్ళు కూడా వరసగా కూర్చుని అన్నింటికీ మార్కులు వెయ్యాలి. ఆఖరి మాట మాత్రం బెంగళూరు నుంచి వచ్చిన మురళీమోహన్‌ది. పుట్టుక విజయనగరమే, పాతికేళ్ళుగా ఆయన బతుకంతా ఈ రుచులతోనే. ఆయన మెచ్చిన మూడింటిని ఆ హోటలువాళ్ళు తమ హోటళ్ళన్నింట్లోనూ పెడతారు.

ఆ మూడింట్లో తమది ఉండాలి. ఉంటే మొగుడు శివాజీ ఇంటిపట్టునుంటాడు. లేకపోతే గుజరాతు వెళ్ళి చేపల బోటెక్కుతాడు. వాళ్ళ ఊరు భావనపాడు మగాళ్ళకు అదేం కొత్త కాదు. కానీ శివాజీ అన్న అసిరయ్య నాలుగేళ్ళ కిందట అలా వెళ్ళినవాడే. బోటు రాలేదు, మనిషి రాలేదు, ఏమయ్యాడో చెప్పే కబురైనా రాలేదు. ఆ తరవాతే భవాని మొగుడి కాళ్ళూ చేతులూ పట్టుకుని బోటు మాన్పించి, ఈ వైను పని మొదలుపెట్టించింది. ఉద్దానం తోటల్లో గింజ తీసుకుని పారేసే జీడిమామిడి పళ్ళు ఎవరికీ అక్కర్లేదు, వాటితోనే వైను చేద్దామంది. పెళ్ళికి ముందు పళ్ళరసాల ఫ్యాక్టరీలో పనిచేసిన అనుభవం ఆమెకుంది. వాసన పట్టడంలో దిట్టవని అక్కడి పెద్దాయన ఊరికే అనలేదు. శివాజీ కూడా అదే నమ్మాడు. “నువ్వు బాగున్నాదంటే బాగున్నట్టే. నీ ముక్కు ముందు ఎవుడి ముక్కు ఏపాటిదే!” అని, వల అమ్మేసి మరీ లైసెన్సు కోసం రెండేళ్ళు తిరిగాడు.

ఏడో గ్లాసు మూతి దగ్గరికి తీసుకోగానే తమదేనని ఆమెకు తెలిసిపోయింది. పండు వాసన గుప్పుమంది. జీడిపండుకుండే వగరు గొంతు పట్టకుండా సగ్గుబియ్యం గంజితో తేర్చింది తనే. ఎంత శుభ్రంగా ఉందో! మిగతా గ్లాసులన్నింటికంటే ఎక్కువ మార్కులు వేసింది. దొంగతనమేమీ కాదు, నిజంగానే అదే బాగుంది.

మురళీమోహన్ కూడా ఆ గ్లాసు దగ్గర ఆగాడు. “ఎవరు చేశారో గానీ చెయ్యి తిరిగిన మనిషి. పండు తెలుస్తోంది, పులుపు ఎంతుండాలో అంతే ఉంది” అన్నాడు. భవానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఇంకోసారి వాసన చూసి గ్లాసు కింద పెట్టేశాడు. “కానీ ఇందులో ఇంగువేమిటండీ?”

హాలంతా ఘొల్లుమంది. పులిహోరలోకి నంజుకోవచ్చని వెనక వరసలో ఎవడో పేలాడు.

“నవ్వకండి. కష్టపడి చేశారు. ఇది మాత్రం అమ్మకానికి పనికిరాదు” అన్నాడాయన.

ఇంగువా! ఎక్కడుంది ఇంగువ? భవాని గ్లాసు మళ్ళీ ఎత్తింది. లేదు. నీళ్ళు తాగి చూసింది, లేదు. కిటికీ దగ్గరికెళ్ళి, పైటచెంగు వాసన చూసి ముక్కు తేటపరచుకుని మళ్ళీ చూసింది. ఆ చెంగుకూ తన వంటింటి ఇంగువ వాసనే ఉంటుందని, అది తన ముక్కుకు అలవాటైపోయిందని పిచ్చిదానికి తట్టలేదు. ఎన్నిసార్లు చూసినా పండు వాసనే. ఈ పెద్దమనిషి ముక్కుకే ఏదో జబ్బు చేసిందనుకుంది. పక్కనున్నవాళ్ళను అడిగింది. ఉందన్నారు, అందరూ ఉందన్నారు.

కాఫీ వేళకి సిగ్గు విడిచి ఆయన దగ్గరికి వెళ్ళింది. “ఏడో నంబరు మాదే సార్. నాకేటీ తెలత్నేదు.”

“జాడీలు దేంతో కడిగారమ్మా?”

“మందునీళ్ళతో సార్. ట్రైనింగులో సెప్పినట్టే కడిగాను. ఎండలో పెట్టాను. పొగ పట్టించి...”



“ఏం పొగమ్మా?”

ఏం పొగేమిటి, జాడీకి ఏ పొగ పట్టిస్తారో అదే! నిప్పుల మీద చిటికెడు ఇంగువ వేసి, దాని మీద జాడీ బోర్లించడం. ఆవకాయకు బూజు రాకుండా అమ్మ లక్ష్మణమ్మ చేసేది, అమ్మమ్మ చేసేది. భవాని చెయ్యాలనుకుని చెయ్యలేదు. ముగ్గు వేశాక చెయ్యి దులుపుకున్నట్టు, చేతులు వాటంతటవే చేసేశాయి. ఒక్కటి కాదు, ఉన్న జాడీలన్నింటికీ.

“మరి మధ్యలో రుచి చూసుకోలేదా తల్లీ?”

“రోజూ సూసాను సార్.” ఆ మాట అంటూంటే ఆమెకు చచ్చిపోవాలనిపించింది. “ఇది పోయే దారేటైనా ఉన్నాదా?”

“పోదమ్మా. కొత్త పండుతో మళ్ళీ చేసుకోవలసిందే.”

కొత్త పండు ఏప్రిల్‌లో. ఇది జులై నెలాఖరు. గుజరాతు బోట్లు ఆగస్టులో కదులుతాయి.

నౌపడా స్టేషన్లో శివాజీ బండి వేసుకుని కాచుకుని ఉన్నాడు. ఆమె ముఖం చూసి, చేతిలో సంచి అందుకుని బండికి తగిలించాడు. ఏమైందని అడిగి తిట్టినా బాగుండునని దారి పొడుగునా ఆమె ఏడుపు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక తనే చెప్పేసింది, పొగ సంగతితో సహా.

“నేనే సేసాను మావా. నా సేతులిరిగిపోనూ!”

“ఊరుకోయే. ఏదీ, ఆ సీసా ఇటు తే.”

సంచిలో మిగిలిన సీసా తీసి, రెండు స్టీలు గ్లాసుల్లో పోశాడు. అమ్మకానికి తగ్గిపోతుందని ఇన్నాళ్ళూ ఇద్దరూ కలిసి ఒక్క గ్లాసు తాగిన పాపాన పోలేదు. శివాజీ సగం గ్లాసు తాగి, పెదాలు తుడుచుకుని, మిగతాది కూడా తాగేశాడు.

“ఎంత బాగున్నాదే భవానీ! దీనికేటి రోగం?”

“నాకూ బాగానే ఉన్నాది. ఇప్పటికీ బాగానే ఉన్నాది మావా. అదే నా బయం. రేపు మళ్ళీ సేసినా అది బాగున్నాదో లేదో నాకెలా తెలస్తాది?” భవాని వెక్కి వెక్కి ఏడ్చింది. మొగుణ్ణి ఒడ్డున నిలబెట్టడానికి ఆమె దగ్గరున్నది ఆ ఒక్క నమ్మకమే, అదీ పోయింది.

శివాజీ కాసేపు ఆమె వీపు నిమిరాడు. తరవాత లేచి, బోటు నడిపే సరంగు కొండబాబుకి ఫోను చేశాడు. “బావా, నా పేరు రాసుకో... ఆ, వత్తాను... ఎల్లుండి బండికేనా? అలాగే.” అవతలివాడు ఇంకేదో అడిగాడు. శివాజీ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, నేల చూస్తూ అన్నాడు:

“ఏదైనా అయితే కబురు ఎవురికి సెయ్యాలో రాసుకుంతన్నాడు. నీ నంబరు సెప్పే.”

భవాని కళ్ళు తుడుచుకుని ఒక్కొక్క అంకే చెప్పింది. సరిగ్గానే చెప్పానా అని అనుమానం వచ్చి, మళ్ళీ మొదట్నుంచి చెప్పింది.