గేటుకు ముఖం ఎటు

గేట్ల మేస్త్రికి ఊరంతా ఒక ఎత్తు, అక్క ఒక్కతే ఒక ఎత్తు. ఎంత గొప్ప గేటు చేసినా ఆవిడ ఏదో ఒక వంక పెట్టాల్సిందే. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన మనిషి కాబట్టి, ఆ హక్కు ఆవిడకుందని అతనూ ఒప్పుకున్నాడు.

అలాంటి అక్క, పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీలో పడ్డప్పటి నుంచి వంకలు పెట్టడమే మానేసింది. పెట్టింది తింటోంది, అడిగితే ‘ఊఁ’ అంటోంది. ప్రాణంగా పెంచుకున్న తోట కిటికీ అవతలే ఉన్నా తల తిప్పి చూడటం లేదు. మాటలతో ఓదార్చడం మేస్త్రికి చేతకాదు. చేతనైంది గేటు చేయడం ఒక్కటే. తోట ముందున్న తుప్పు గేటు తీసేసి పూల గేటు పెడితే, దాన్ని చూడ్డానికైనా కళ్ళెత్తుతుందని ఆశపడ్డాడు.

సన్న చువ్వల్ని తీగల్లా మెలితిప్పాడు. ఇనప రేకులోంచి పూరేకులు కత్తిరించి, ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి వంచి ఆ తీగలకు అతికాడు. బిగించిన రోజు వీధిన పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. బావ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. మేస్త్రి ఛాతీ విరుచుకుని లోపలికెళ్ళాడు.

“ఎలా ఉందక్కా?”

“చాలా బావుందిరా,” అంది అక్క. ఓ చూపు చూసి, మళ్ళీ గోడవైపు తిరిగింది.

అక్క ఒక్క వంకా లేకుండా మెచ్చుకుందంటే ఎక్కడో తేడా జరిగినట్టే. మేస్త్రి ఆవిడ పక్కన మంచం అంచున కూలబడి, కిటికీలోంచి తనూ చూశాడు.

పువ్వులేవీ లేవు. బొప్పి కట్టిన వెల్డింగ్ అతుకులు, పూల వీపులు. ముఖం వీధికీ వీపు ఇంటికీ పెట్టడం అతని వృత్తిలో అలవాటు. నలుగురూ చూస్తేనే కదా ఇంకో పని దొరికేది! చేతులు ఆ అలవాటున పోయాయి. ఎవరికోసం చేస్తున్నాడో బుర్రకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

“చెప్పొచ్చుగా అక్కా!”

“కష్టపడి చేశావు. ఎటుంటే ఏంలేరా నాకు.”

ఆ ‘ఏంలే’ అతను భరించలేకపోయాడు. లేచి వెళ్ళి గేటు ఊడదీస్తుంటే బావ లబోదిబోమన్నాడు.

“ఏమోయ్, మతిగాని పోయిందా? వీధిలో అందరూ నవ్వుతారు. ఇది చూసి నీకింకెవరైనా పని ఇస్తారా?”

“ఇవ్వకపోతే మానేస్తారు బావా. ఆ చివర పట్టుకో.”

బందులు కోసి మళ్ళీ అతికి, గడియ మార్చేసరికి పొద్దు వాలింది. అనుకున్నంతా అయింది. ఆ దారిన పోతున్న పాలాయన సైకిల్ ఆపేశాడు.

“ఇదేంటి మేస్త్రీ, చొక్కా తిరగేసి తొడిగినట్టు!”

మేస్త్రికి మనసు చివుక్కుమంది. అయినా నవ్వేసి లోపలికొచ్చాడు. ఈసారి ఎలా ఉందని అడిగే ధైర్యం చాల్లేదు. అక్క చాలాసేపు గేటువైపే చూసింది.

“ఆ కింది పువ్వు వంకరగా లేదూ?”

“లేదక్కా, బానే ఉంది.”

“నీ మొహం. ఇక్కణ్ణుంచి సరిగ్గా ఆనడం లేదు. నన్ను ముందుకు జరుపు.”

మేస్త్రి ఆవిడ చూడకుండా కళ్ళు తుడుచుకుని, కుర్చీని తోసుకెళ్ళి కిటికీ దగ్గర ఆపాడు.

“ఇక్కడాపావేంట్రా?” అంది అక్క. “తోటలోకి పద.”